పొట్టి మొక్కల వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరమూ చల్లనీళ్ళు తాగలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి మా అమ్మ ఒకటే జవాబు చెప్పేది: "మా కోడలు పిల్లల్ని ఫ్రిజ్‌లో పెట్టిందమ్మా." అడిగినవాళ్ళు ఉలిక్కిపడేవారు. ఆవిడ వాళ్ళని కాసేపు అలాగే ఉంచి, తర్వాత తీరిగ్గా అసలు సంగతి మొదలుపెట్టేది.

ఆ అసలు సంగతి నేను చెప్పడమే మంచిది. అమ్మ చెబితే గోరంత కొండంత అవుతుంది. నేను కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి. ఉన్నదాన్ని ఉన్నంతే చూపించకపోతే నా దుకాణానికి మళ్ళీ ఎవరూ రారు.

మా ఆవిడ విత్తనాల లేబొరేటరీలో పనిచేసేది. మా అమ్మ లెక్కలో అది గింజలకి కాపలా కాసే ఉద్యోగం. "పొద్దున్నే వెళుతుంది, తడికాగితం మీద గింజలు పేరుస్తుంది, మొలిచాయా లేదా అని సాయంత్రం దాకా వాటి మొహం చూస్తుంది, ఇంటికొస్తుంది. మా అమ్మమ్మ ఈ పనే వంటింట్లో చేసేది, జీతం లేకుండా" అనేది. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. అవతల మనిషి హలో అనకపోతే అది పని జరిగినట్టు కాదని ఆవిడ నమ్మకం.

నిజానికి మా ఆవిడ చూసేది మొలిచే గింజల్ని కాదు, మొలవనివాటిని. తడి తగిలితే చాలు, కొన్ని గింజలు లేచి కూర్చుంటాయి. కొన్ని మాత్రం నీళ్ళిచ్చినా, వెచ్చదనమిచ్చినా, బతిమాలినా లేవవు. చచ్చిపోయాయా అంటే అదీ కాదు. లోపల ప్రాణం ఉంటుంది, పడుకుని ఉంటుంది. అలాంటివాటిని ఎలా లేపాలో కనుక్కునే విభాగం ఆవిడది. ఆ విభాగమంతా కలిపి ఒక గది, రెండు బల్లలు, ఆవిడ.

ఆవిడ పంతమంతా ఒక్క చెట్టు మీద. ఎత్తైన చలి కొండల మీద పెరిగే చెట్టు అది. వేళ్ళతో కొండ మట్టిని పట్టి ఉంచుతుందట. కలప కోసం నరుక్కుంటూ పోతే కొండ చరియలు జారడం మొదలైంది, అప్పుడు అందరికీ ఆ చెట్టు గుర్తొచ్చింది. మళ్ళీ నాటుదామంటే గింజ మొలవదు. దానికి పొడుగాటి చలి నిద్ర కావాలి. మా ఆవిడ ఏటా తడి ఇసకలో గింజలు పెట్టి చలిగదిలో ఉంచేది, నిద్ర తీరేలోపు బూజు తినేసేది. చివరికి పెద్దసారు, అంటే ఆ లేబొరేటరీ అంతటికీ అధికారి, ఒక మాట చెప్పేశాడు. ఈసారి వానలు మొదలయ్యేసరికి చెట్టయ్యే మొక్క ఒక్కటైనా చూపించకపోతే ఆ గదికి తాళం వేస్తారు. మా ఆవిడేమో ముందరి హాల్లో బస్తాల నమూనాలు పోసి రాళ్ళూ కలుపు గింజలూ ఏరే బల్ల దగ్గరికి వెళ్ళాలి.

"రాళ్ళు ఏరడం తక్కువ పనేం కాదు" అన్నాను ఓదార్పుగా.

"కాదు. కానీ ఇన్నేళ్ళుగా నేను ఆ చెట్టునే కదా చూస్తున్నాను" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది.

వేసవికి కాస్త ముందు ఒకరోజు, గడియారాలవాళ్ళు కంటికి బిగించుకునే భూతద్దం ఏదైనా ఉందా అని నన్ను అడిగింది. నా దగ్గర ఒకటి ఉండేది. ఆవిడ కంటికి తగ్గట్టు సరిచెయ్యాలి కాబట్టి నేనే పట్టుకుని లేబొరేటరీకి వెళ్ళాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గది లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

గదిలో స్పిరిట్ వాసన, తడి కాగితం వాసన. అరల నిండా గుండ్రటి గాజు పళ్ళేలు, మూతలతో సహా. ఒకదాన్ని చూద్దామని చెయ్యి పెట్టాను.

"మూత తియ్యకండి."

"పేరు ఎక్కడా రాయలేదేం?"

"అడుగున ఉంటుంది. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. అప్పుడు ఎవరి బిడ్డ ఎవరిదో తెలియదు."

భూతద్దం ఆవిడ కంటికి బిగించాను. ఆవిడ నానిన టెంకనొకదాన్ని చిన్న బిగింపులో పెట్టి టక్కున పగలగొట్టింది. లోపలి గింజ తీసి, సన్నటి పట్టకారుతో గోధుమరంగు తోలు కొంచెం కొంచెంగా ఒలిచింది. అంత నెమ్మదిగా చేతులు కదిలించే మనిషి ఇంట్లో గిన్నెలు ఎందుకు అంత చప్పుడు చేస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తోలు పోయాక రెండు తెల్లటి పప్పులు బయటపడ్డాయి. వాటి కొనల మధ్య, ఆవగింజలో సగం కూడా లేని ఒక మొన.

భూతద్దం తీసి నా కంటికి పెట్టింది. "చూడండి. అదీ పిండం. ఇటువైపు వేరు, అటువైపు ఆకులు."

చూశాను. నిజంగానే ఆకులున్నాయి. మడత పెట్టిన చొక్కాలు ఎంత పొందిగ్గా ఉంటాయో అంత పొందిగ్గా ఉన్నాయి.

"అంతా ముందే తయారుగా ఉందే! మరి లేవదేం?"

"గింజ చలికాలానికి ముందు రాలుతుంది. వెంటనే లేస్తే మంచుకి చస్తుంది. అందుకని చలంతా పడుకుని గడిపేసి, ఇక పోయిందని నమ్మకం కుదిరాక లేస్తుంది. దాన్ని పడుకోబెట్టేది చాలావరకు ఈ తోలే."

"అంటే నువ్విప్పుడు పడుకున్నవాడి దుప్పటి లాగేస్తున్నావన్నమాట."

"మీకు రోజూ పొద్దున్నే చేసే పనేగా" అంది తల ఎత్తకుండా. "లేస్తుందనే అనుకుంటున్నాను. లేచాక ఎలా ఉంటుందో చూడాలి."

లేచాయి. కొద్ది రోజుల్లోనే గాజు పళ్ళేల్లో వేళ్ళు కనబడ్డాయి, తర్వాత ఆకుపచ్చ కనబడింది. మా ఆవిడ ఆఫీసు మధ్యలో పరుగెత్తుకుంటూ దుకాణానికి వచ్చింది. నేను ఒక పెద్దమనిషికి అక్షరాల పట్టిక చదివిస్తున్నాను. ఆయన ముందే "లేచాయండీ!" అని అరిచింది. ఆయన గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. మొక్కల్ని చిన్న చిన్న కుండీల్లోకి మార్చాక సంగతి బయటపడింది. ఆకులైతే వస్తున్నాయి గానీ ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ మధ్య కాడ లేదు. అన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడి, నేలకి అతుక్కుని కూర్చున్నాయి. ఎదగాలన్న ధ్యాసే లేదు వాటికి. చలి పడకుండా లేపిన పిండాలు కొన్ని ఇలా పొట్టిగా ఉండిపోతాయని మా ఆవిడకి తెలుసు. తెలిసే, వేరే దారి లేక ఆ పని చేసింది.

ఇంతలో పెద్దసారు తన కొత్త కళ్ళజోడు కోసం నా దుకాణానికి వచ్చాడు. మంచివాడే. కాకపోతే పై ఆఫీసు నుంచి ఫోను వస్తే కూర్చున్న కుర్చీలోనే సర్దుకుని కూర్చునే రకం.

"మీ ఆవిడ సాధించిందండీ!" అన్నాడు అద్దంలో తన ముక్కు చూసుకుంటూ. "వచ్చే వారం ఫొటో తీయించి పైకి పంపిద్దామన్నాను. ఆవిడేమో ఇవి మొక్కలు కావు సార్ అంటుంది. పచ్చగా ఉన్నాయి, ఆకులున్నాయి, కుండీలో ఉన్నాయి. మొక్కంటే ఇంకేం కావాలండీ? విభాగం నిలబడుతుంది, ఆవిడ నిలబడుతుంది. మీరైనా చెప్పండి."

"చెబుతాను సార్" అన్నాను. ఉన్నమాట చెప్పాలంటే ఆయన మాట నాకు నచ్చింది.

సాయంత్రం మా ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని, పెద్దసారు మాటని నా మాటగా చేసి చెప్పాను. ఆవిడ అంతా విని, చేతిలో ఉన్న నా చొక్కాని పక్కన పెట్టింది.

"సరే, రాస్తాను. ఆయన సంతకం పెడతాడు. వీటిని తీసుకెళ్ళి కొండ మీద నాటుతారు. మన మోకాలంత ఎత్తు కూడా రాకుండా అక్కడ కూర్చుంటాయి. వేళ్ళు దిగవు, మట్టి నిలవదు. ఆ చెట్టు పేరు చెప్పుకుని నేను ఇక్కడ జీతం తీసుకుంటాను. అంతేనా?"

నేను చొక్కా తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను. మడతపెడుతూనే అడిగాను. "పోనీ, ఆ చలేదో ఇప్పుడు ఇవ్వకూడదా?"

"ఇవ్వచ్చు. నిద్రలో పడాల్సిన చలి, లేచాక ఇచ్చినా కొన్ని అందుకుంటాయి. మళ్ళీ సాగుతాయి. కానీ మా చలిగది యంత్రం చచ్చిపోయింది. కొత్తది వచ్చేసరికి వానలు కాదు, మళ్ళీ చలికాలమే వస్తుంది."

"మరి ఈ ఎండల్లో చలి ఇంకెక్కడుంటుంది?"

వంటింట్లో ఫ్రిజ్ ఎప్పటిలాగే గుర్రుమంటోంది. ఇద్దరం అటు చూశాం.

మర్నాడు ఆవిడ పెద్దసారుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన విసుక్కున్నాడట. చేతికొచ్చినదాన్ని కాలదన్నుకోవడం అంటే ఇదే అన్నాడట. అయినా చివరికి, "వానల దాకా ఆగుతాను. అప్పటికి నిటారుగా నిలబడ్డ మొక్క నా బల్ల మీద ఉండాలి" అన్నాడు.

ఇక మిగిలింది అమ్మని అడగడం. ఆ ఫ్రిజ్ అమ్మ రిటైరైనప్పుడు కొనుక్కున్నది. ఆవిడకి చల్లనీళ్ళంటే ప్రాణం. ఫ్రిజ్ తలుపులో కింది అర ఆవిడ సీసాది. దాన్ని ఇంకెవరు ముట్టుకున్నా ఇల్లు ఎగిరిపోయేది.

"అత్తయ్యా, ఫ్రిజ్ కావాలి" అంది మా ఆవిడ.

"దానికేం భాగ్యం? ఏ అర కావాలో తీసుకో."

"అన్నీ కావాలి."

అమ్మ చేతిలో పేపరు కిందకి దిగింది. "ఎన్నాళ్ళు?"

"వేసవంతా."

"చలికాలంలో అడగలేకపోయావా తల్లీ, దానకర్ణుడిలా ఇచ్చేసేదాన్ని!" అంది అమ్మ. తర్వాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అవి బతికితే ఏమవుతాయి?"

"చెట్లవుతాయి."

"బతక్కపోతే?"

"నేను రాళ్ళు ఏరతాను."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. తన సీసా బయటికి తీసి, ఆఖరిసారిగా ఒక గుక్క తాగి, బల్ల మీద పెట్టింది. "ఒకటే షరతు. ఈ ఇంట్లో చల్లనీళ్ళ కోసం ముందు నేను ఏడవాలి. నా తర్వాతే మీరెవరైనా" అంది.

ఆ సాయంత్రమే కుండీలు వచ్చాయి. మొక్కలకి వెలుగు కావాలి కాబట్టి, తలుపు మూసినా దీపం ఆరకుండా నా చిన్న స్క్రూడ్రైవరుతో ఒక సన్న దీపం బిగించాను. కళ్ళజోళ్ళ మరలు బిగించే చెయ్యి కదా, పని శుభ్రంగానే వచ్చింది. పాలూ పెరుగూ బయటికొచ్చేశాయి.

వేసవి నిజంగా వేసవిలాగే వచ్చింది. పాలు రెండు పూటలా తెచ్చుకునేవాళ్ళం. వెన్న నూనె అయిపోయేది. మధ్యాహ్నం మిగిలింది సాయంత్రానికి పనికొచ్చేది కాదు కాబట్టి ఇంట్లో ఎవరూ ఏదీ మిగల్చడం మానేశారు. నేను తడి తువ్వాలు మెడకి చుట్టుకుని భోంచేసేవాణ్ణి. అమ్మ మట్టి కూజా ఒకటి కొనుక్కొచ్చి, దాంట్లో నీళ్ళు తాగి, "ఫరవాలేదు, గోరువెచ్చగా బాగానే ఉన్నాయి" అని పళ్ళు కొరికేది.

ఫ్రిజ్ తలుపు రోజుకి ఒక్కసారే, పొద్దున్నే తెరవాలని నియమం. ఆ వేళకి ముగ్గురం వంటింట్లో హాజరు. మా ఆవిడ ఒక్కో కుండీ తీసి, వేలితో మట్టి నొక్కి చూసి, చెంచాతో నీళ్ళు పోసి, మళ్ళీ లోపల పెట్టేది. అమ్మ వాటిలో కొన్నిటికి పేర్లు పెట్టింది. అన్నిటికంటే పొట్టిదాని పేరు దొరగారు. ఎంత సేవ చేసినా ఉలుకూ పలుకూ లేనిది అదే.

సాయంత్రాలు అమ్మకి వీధి మెట్ల మీద స్నేహితురాళ్ళతో కచేరీ ఉండేది. నాకు తెలిసి ఆ కచేరీ ఎప్పుడూ ఆగలేదు. ఆ వేసవిలో అక్కడ కూడా విత్తనాల మాటే. ఒకరోజు దుకాణం కట్టేసి వస్తుంటే అమ్మ గొంతు వినిపించింది. "పైకి కదలదు గానీ లోపల అంతా ఉంటుందమ్మా. ఆకులతో సహా. మా కోడలు చూపించింది. చలి లెక్క తీరితే గాని లేవదు. మనం తొందరపెడితే లేస్తుంది, కానీ పొట్టిగా ఉండిపోతుంది." నేను మెట్ల కిందే కాసేపు నిలబడ్డాను.

అంతకుముందు అత్తాకోడళ్ళ మధ్య తగువులు లేవు, మాటలూ లేవు. ఉప్పు ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంది, అంతే. ఇప్పుడు భోజనాల దగ్గర నన్ను పక్కకి పెట్టేసి ఇద్దరూ వేళ్ళ గురించి, ఆకుల గురించి మాట్లాడుకునేవారు. నాకు చెమటలు కారేవి, నీళ్ళు వేడిగా ఉండేవి, అయినా ఆ వేసవిలో నేను సుఖంగా ఉన్నాను. అలా ఉన్నానని ఆ రోజుల్లోనే నాకు తెలుసు కూడా.

అలాంటి సమయంలో మా అక్క వచ్చింది.

మా అక్కని చుట్టాలందరూ సర్దుళ్ళ అక్క అంటారు. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విప్పేలోపు ఏదో ఒకటి సర్దెయ్యడం ఆవిడ స్వభావం. మనసు వెన్న. చేతులు మాత్రం ఊరుకోవు. వస్తున్నట్టు కబురైనా లేకుండా పొద్దుటి బస్సుకి దిగింది. నేను దుకాణంలో, మా ఆవిడ లేబొరేటరీలో, అమ్మ ఒంట్లో బాగోలేని స్నేహితురాలి ఇంట్లో. అక్క దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

సాయంత్రం నేనూ మా ఆవిడా కలిసి ఇంటికొచ్చాం. అక్క గుమ్మంలోనే ఎదురైంది, మొహం వెలిగిపోతోంది.

"ఏరా, ఇల్లా సంతా ఇది? పాలేమో ఎండలో, మట్టేమో ఫ్రిజ్‌లోనా? పైగా లోపల దీపం వెలుగుతూనే ఉంది! అన్నీ తీసేసి సబ్బుతో కడిగేశాను. రా, ఎలా మెరుస్తోందో చూద్దువుగాని. నీళ్ళ సీసాలు కూడా నింపి పెట్టాను."

"కుండీలు ఏవి వదినా?" అంది మా ఆవిడ. గొంతు చాలా మామూలుగా ఉంది.

"పైన పిట్టగోడ మీద పెట్టాను. పాపం చలికి ముడుచుకుపోయి ఉన్నాయమ్మాయ్. కాస్త ఎండ తగిలితే సాగుతాయని."

మా ఆవిడ మెట్లెక్కి వెళ్ళింది. వెనకాలే నేను. పిట్టగోడ మీద కుండీలు ఎత్తుల వారీగా వరసగా ఉన్నాయి, అక్క సర్దింది మరి. రోజంతా ఎండ వాటి మీదే ఉంది. సగానికి పైగా వాలిపోయాయి. కొన్ని ఆకులు ముట్టుకుంటే పొడి అయ్యాయి. మా ఆవిడ ఒక్కో కుండీనీ నీడలోకి జరిపింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

కుండీలు పట్టుకుని కిందకి దిగేసరికి అమ్మ వచ్చి ఉంది. సంగతి ఆవిడకి అప్పటికే అర్థమైంది. నా చిన్నప్పటి నుంచీ ఇంత కోపం చూడలేదు.

"తియ్యి ఆ సీసాలు! తియ్యమంటే! పెద్ద నువ్వొచ్చి ఉద్ధరించకపోతే మేం చస్తున్నామా? ఇల్లంతా వేడినీళ్ళు తాగి కాపాడుకుంటున్నవాటిని తీసుకెళ్ళి నిప్పుల్లో పెట్టావు కదే!"

"నాకేం తెలుసమ్మా? ఎవరైనా మొక్కల్ని ఫ్రిజ్‌లో పెడతారా?" అని అక్క ఏడుపు మొదలుపెట్టింది. చల్లనీళ్ళ సీసాలన్నీ బల్ల మీదకొచ్చాయి. వాటి ఒంటి మీద నీటిబొట్లు జారుతున్నాయి. మాలో ఎవరికీ వాటివైపు చూడాలనిపించలేదు.

మా ఆవిడే వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. "ఊరుకోండి వదినా. ముడుచుకుపోయాయని జాలిపడి చేశారు, అంతేగా? నేను చేసిందీ అలాంటి పనే. పడుకున్నవాటిని వేళ కాకుండా లేపాను. పోయినవి పోగా ఉన్నవాటిని చూద్దాం, నాతో రండి."

మిగిలినవాటిని మళ్ళీ లోపల పెట్టారు. నేను దీపం మళ్ళీ బిగించాను. అవి ఇప్పటిదాకా తెచ్చుకున్న చలిలో ఎంత పోయిందో, ఎంత ఉందో అని అడిగాను. "అది వాటికే తెలియాలి" అంది మా ఆవిడ. అక్క ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దుటి వేళ తలుపు తెరవడానికి మా ఆవిడ కూడా ఆవిడ అనుమతి తీసుకోవలసి వచ్చేది. వెళ్ళేరోజున అమ్మకి ఒక మాట చెప్పి బస్సెక్కింది: "అమ్మా, నేనింక ఎవరింట్లోనూ ఏదీ ముట్టుకోను." ఆ మాట బస్సు దిగేదాకా నిలబడి ఉంటుందని మేం అనుకోలేదు.

మబ్బులు పట్టడం మొదలైంది. వానలకి ముందు వచ్చే ఆ ఉక్కపోత రోజుల్లో ఒకనాడు మా ఆవిడ కుండీల్ని బయటికి తీసి వంటింటి కిటికీలో నీడ పట్టున పెట్టింది. "ఇక ఇవ్వగలిగింది ఇచ్చాం" అంది. ఫ్రిజ్ ఖాళీ అయింది. అయినా అమ్మ తన సీసా లోపల పెట్టలేదు. సంగతి తేలేదాకా ఆగుదాం అంది.

రోజులు గడిచాయి. మొక్కలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మొదటి వాన పడింది. పెద్దసారు మా ఆవిణ్ణి పిలిచి, ముందు హాల్లో కుర్చీ ఖాళీగానే ఉందని గుర్తు చేశాడు. ఆవిడ ఇంటికొచ్చి మామూలుగా వంట చేసింది, గిన్నెల చప్పుడు లేకుండా. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను.

ఆ తర్వాత ఒక పొద్దున్న నేను గడ్డం గీసుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. ఎక్స్ఛేంజిలో వాడిన పాత గొంతు, గట్టిగా, స్పష్టంగా.

"లైన్ కలిసింది!"

సబ్బు మొహంతోనే పరుగెత్తాను. మా ఆవిడ అప్పటికే కిటికీ దగ్గర ఉంది. ఆకుల కుప్ప మధ్యలోంచి లేత కాడ ఒకటి పైకి వచ్చింది. దాని మీద ఒక ఆకు, ఇంకాస్త పైన ఇంకో ఆకు. రెంటికీ మధ్య ఖాళీ. ఆవిడ ఆ ఖాళీలో తన చూపుడువేలు పెట్టి చూసింది. వేలు పట్టింది.

"ఇది దొరగారేనా?" అన్నాను.

"కాదు. దొరగారు ఇంకా అలాగే ఉన్నారు. ఇది పక్కది, దీనికి నేను పేరే పెట్టలేదు" అంది అమ్మ.

మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఎండలో వాడిపోయినప్పుడు ఏడవని మనిషి, కిటికీ ఊచ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఆ మొక్క వెనకాలే ఇంకో మూడు నాలుగు సాగాయి. తక్కినవి ఆకుల కుప్పలుగానే మిగిలిపోయాయి.

పెద్దసారు మాట మీద నిలబడే మనిషి. నిటారుగా నిలబడ్డ మొక్క బల్ల మీదకి వచ్చేసరికి, అంతా తను ముందే అనుకున్నట్టు పై ఆఫీసుకి ఫోను చేశాడు. విభాగం నిలబడింది. ఫొటో తీశారు. అందులో ఆయన నా దుకాణం కళ్ళజోడే పెట్టుకున్నాడు.

ఓడిపోతే ఏమవుతుందో ఆ వేసవంతా అందరం అనుకున్నాం. గెలిస్తే ఏమవుతుందో మాలో ఒక్కరూ అడగలేదు. వానలు ఊపందుకున్నాక ఒక సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడ ఆ సంగతి చెప్పింది, ఎక్కడో ఎవరికో జరిగిన విషయం చెప్పినట్టు. ఆ చెట్టు పెరిగే కొండ మీద ఊళ్ళో పెద్ద నారుమడి పెడతారట. చలి అక్కడ ఊరికే దొరుకుతుంది కదా, విభాగాన్నే అక్కడికి మారుస్తున్నారట. దాన్నంతా ఈవిడనే చూసుకోమన్నారట.

"రేపు వద్దని చెప్పేస్తాను. మొక్కలు పంపిస్తాను, ఎలా పెంచాలో ఎవరికైనా నేర్పిస్తాను. నేను ఇక్కడే ముందు హాల్లో ఉంటాను" అని పళ్ళెంలోకి చూస్తూ తినడం మొదలుపెట్టింది.

నేనూ పళ్ళెంలోకే చూశాను. వెళదాం అనాలని ఉంది. కానీ మా నాన్న పెట్టిన దుకాణం, ఆ వీధి మలుపు, నా చేతి కళ్ళజోడు లేకపోతే గుమ్మం దాటని పాత ఖాతాదారులు, అన్నీ ఆ మాటకి అడ్డం పడ్డాయి. ఇక అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లోంచి తనని నలుగురు మోసుకెళ్ళాల్సిందే గాని తన కాళ్ళతో తను వెళ్ళనని ఆవిడ ఎన్నిసార్లు అందో.

అమ్మ రొట్టె తుంచింది. "ఆ మొక్కలు నువ్వు లేకపోతే బతకవా?"

"బతుకుతాయి అత్తయ్యా. దగ్గరుండి చూసుకునేవాళ్ళు ఎవరున్నా బతుకుతాయి."

"మరి నువ్వు?"

మా ఆవిడ తినడం ఆపేసింది. "మీరు ఇక్కడ... సాయంత్రాలు మీ స్నేహితులు..." అని ఏదో అనబోయింది.

"వాళ్ళా? వేసవికి వద్దన్నా వస్తారు. చల్లగా ఉంటుందిగా" అని అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమిట్రా, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నావు?"

"దుకాణం, అమ్మా..." అన్నాను.

"ఏం, ఆ ఊళ్ళోవాళ్ళకి కళ్ళు లేవట్రా?"